మదరాసు హైకోర్టును కట్టిన తాటికొండవారు

మక్తల్ చుట్టుపట్ల ఇల్లు కట్టదలచినవాడు రాతికొరకు దూరము పోనక్కరలేదు. పాలమూరు మెరకలలో పార కొంచెము లోతుగా దిగినచో గ్రానైటు తగులును. కృష్ణ ఒడ్డున ముడుమాలులో వేల యేండ్ల క్రిందటి మనుష్యులు మనిషిని మించిన నిలువురాళ్ళను పాతి పోయిరి. అవి నేటికిని నిలిచియున్నవి. గడీ గోడ, బావి మెట్టు, గుడి అరుగు, పశువుల దొడ్డి, అన్నియు రాతివే. ఇట్టి చోట పెరిగిన విద్యార్థి పెద్ద కట్టడమనగానే రాతి కట్టడమునే తలచుకొనుట సహజము. హైదరాబాదులో మూసీ ఒడ్డున 1915లో మొదలుపెట్టి 1919లో ముగించిన హైకోర్టు భవనము ఆ ఊహకు తగినట్లే రాతితో లేచినది. జైపూరు నుండి వచ్చిన శంకరలాలు దానికి పటము గీసెను. స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫజల్ కట్టించెను. మక్తల్ అప్పుడు నిజాము రాజ్యములోనిది గనుక ఇచ్చటి అప్పీళ్ళకు హైదరాబాదే గతి.

కోస్తా జిల్లాలవారికిని, రాయలసీమవారికిని అట్లు కాదు. 1862లో మదరాసు హైకోర్టు ఏర్పడినది మొదలు 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తెరచువరకు, తొంబది రెండేండ్లు, వారి పెద్ద వ్యాజ్యములన్నియు చెన్నపట్నములోనే తేలినవి. అనంతపురపు రైతు గట్టు తగవైనను, గోదావరి జిల్లా జమీందారీ వారసత్వపు తగవైనను కాగితముల కట్టతో ఆ యూరికి పోవలసినదే. అట్లు పోయినవారు 1892 నుండి చూచినది ఎర్రని గోడలు, ఉబ్బెత్తు గుమ్మటములు, ఆకాశమున నొక దీపస్తంభము గల మహాభవనము. అందులో రాతిపాలు తక్కువ. అది ప్రధానముగా ఇటుక, సున్నము. సముద్రపు టొడ్డున, ఇసుక నేలమీద, ఇటుకతో అంత బరువైన కట్టడమును నిలువబెట్టిన కంట్రాక్టరు ఒక తెలుగువాడు. భవనముల చరిత్ర వ్రాయువారు పటము గీసిన దొరల పేర్లు మొదట చెప్పి, ఈయన పేరును ఒక వాక్యముతో సరిపుచ్చుట కలదు. అయితే పటములో లేని విద్య యొకటి ఆ గోడలలో నున్నది. ఈ వ్యాసము దానిని గూర్చియే.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున న్యాయస్థాన భవనములు కట్టు తొందర చాల దేశములలో పుట్టినది. భూమి క్రయవిక్రయములు పెరిగినవి, తగవులు పెరిగినవి, దస్తావేజులు దాచు గదులు చాలకపోయినవి. పాశ్చాత్య దేశములలో ఈ పని పలుచోట్ల కుటుంబముల చేతిలో నుండెను. అమెరికాలో కెంటకీ రాష్ట్రమునందలి లూయీవిల్ నగరమున మెక్‌డొనాల్డ్ సోదరులు ఒకే కార్యాలయము నడుపుచు, ఆ రాష్ట్రమునకును ప్రక్కనున్న ఇండియానాకును కోర్టులు, జెయిళ్ళు రూపొందించిరి. ఇండియానాలోని సేలం పట్టణమున 1880ల చివర కట్టిన సున్నపురాతి కోర్టు వారిదే. లండనులోని రాయల్ కోర్టుల భవనమునకు పటము గీసిన జార్జి ఎడ్మండ్ స్ట్రీట్ పని ముగియకుండగనే 1881లో చనిపోయెను. కుమారుడు ఆర్థర్, బ్లూమ్‌ఫీల్డ్ అను మరియొక వాస్తుశిల్పితో కలసి, తండ్రి వదలిన పనిని పూర్తిచేసెను. 1882 డిసెంబరులో విక్టోరియా రాణి దానిని తెరచెను.

మనదేశమున పద్ధతి వేరు. ప్రభుత్వ భవనములకు పటములు గీయుట పబ్లిక్ వర్క్సు శాఖలోని ఇంగ్లీషు ఇంజనీర్ల పని. వారు ఉద్యోగులు; నేడొక యూర, రేపొక యూర. తరతరములుగా ఒక చోట నిలచి యుండిన విద్య మేస్త్రీలది, వడ్రంగులది, సున్నపు బట్టీల వారిది. ఈ ఇరుతెగలకు నడుమ నిలచినవాడు కంట్రాక్టరు. కచ్చేరిలో ఇంగ్లీషు అంచనాలు చదివి సంతకము చేయవలెను. సాయంకాలము బట్టీ కడ నిలచి ఇటుకను వ్రేలితో కొట్టి మోత వినవలెను. రెండును తెలిసినవాడే నెగ్గెడివాడు.

తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారు 1856లో పుట్టిరి. నంబెరుమాళ్ అనునది శ్రీరంగపు ఉత్సవమూర్తి పేరు, అరవము. తాటికొండ యనునది మన ఇంటిపేరు. చెన్నపట్నపు తెలుగు కోమటులలో ఇట్లు పేరొక భాష, ఇంటిపేరొక భాషయై యుండుట అరుదు కాదు. ఆయన చేతిమీదుగా లేచిన తొలి పెద్ద భవనములలో విక్టోరియా పబ్లిక్ హాలు ఒకటి. 1883 డిసెంబరులో విజయనగరము మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు దానికి శంకుస్థాపన చేసిరి. పటము చిషోం దొరది. హైకోర్టు పని 1888లో ఆరంభమైనప్పుడు నంబెరుమాళ్ చెట్టిగారి వయస్సు ముప్పది రెండేండ్లు.

హైకోర్టుకు తొలి పటము బ్రాసింగ్టన్ గీసెను. పిమ్మట అది హెన్రీ ఇర్విన్ చేతికి వచ్చినది. సిమ్లాలో వైస్రాయి భవనము కట్టినవాడును, తరువాత మైసూరు మహారాజు ప్రాసాదము కట్టినవాడును ఈయనయే. స్టీఫెన్స్ అను ఇంజనీరు ఆయనకు తోడుండెను. పటము చేతులు మారినది, కట్టుబడి మారలేదు. పనికి సుమారు 13 లక్షల రూపాయలు ఖర్చైనది. నాలుగేండ్లలో ముగించి 1892 జూలై 12న తెరచిరి.

స్థలమును గూర్చి ఒక మాట. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట పూర్వము ఊరి గుడి, చెన్నకేశవ పెరుమాళ్ళ ఆలయము, ఉండెను. పాలకొల్లు ప్రాంతమునుండి వచ్చి కంపెనీవారికి దుబాసీగా నుండిన బేరి తిమ్మప్పకు ఆ గుడితో సంబంధము కలదు. ఫ్రెంచివారితో యుద్ధము వచ్చినప్పుడు, కోట పైనుండి ఫిరంగులు కాల్చుటకు అడ్డు లేకుండుటకై కంపెనీవారు ఆ ప్రాంతమును చదును చేసిరి. గుడి తరువాత ఊరిలోనే మరియొక చోట వెలసినది. నూరేండ్లకు పైగా ఖాళీగా నుండిన ఆ మైదానముననే కోర్టు లేచినది.

ఇప్పుడు నేలను చూతము. సముద్రమునకు కూతవేటు దూరము. క్రింద ఇసుక, బంకమన్ను. కొంచెము త్రవ్వగనే నీరు. ఇటుక గోడ ఒక ఘనపు టడుగు సుమారు 120 పౌనుల బరువుండును. నూరడుగుల ఎత్తు గోడ పాదముకడ ప్రతి చదరపు టడుగుమీద 120 × 100 = 12,000 పౌనులు, అనగా అయిదు టన్నులకు మించిన బరువు పడును. మెత్తని ఇసుక నేల ఒకటి రెండు టన్నులకంటె ఎక్కువ మోయలేదు. కనుక గోడను నేలలోనికి దింపినకొలది మెట్లు మెట్లుగా వెడల్పు చేయవలెను. పాదము నాలుగు రెట్లు వెడల్పైనచో అయిదు టన్నులు టన్నుంబావునకు దిగును. పాలమూరులో ఈ లెక్కతో పని లేదు; అచ్చట బండ తగిలినదాకా త్రవ్వి, దానిమీద గోడ పెట్టిన చాలును. రాతినేల మేస్త్రీకి రాతిని చెక్కు విద్య అబ్బినది. ఇసుకనేల మేస్త్రీకి బరువును పరచు విద్య అబ్బినది. ఎక్కడి నేల అక్కడి గురువు.

గోడలు ఒకే వేగముతో లేవవలెను. ఒక మూల గబగబ లేచి, మరియొక మూల వెనుకబడినచో, బరువైన మూల ముందు క్రుంగును, నడుమ బీట వారును. అందుచే వందలాది కూలీలు నాలుగు దిక్కుల ఒకేసారి పని చేయవలెను. అందరికి ఇటుక, సున్నము, నీరు వేళకు అందవలెను. నూరు ఘనపు టడుగుల గోడకు సుమారు 1350 ఇటుకలు పట్టును. ఒక్క గది గోడలే వేయి ఘనపు టడుగులుండుట సామాన్యము. అట్టి గదులు, మెట్లు, వరండాలు, గోపురములు ఎన్నియున్నవో ఒకమారు ఆ భవనముచుట్టు నడచి వచ్చినవారికి తెలియును. కంట్రాక్టరుకు ధర ముందే నిర్ణయమై యుండును. వాన పడి బట్టీ చల్లారినను, పడవలో కలప ఆలస్యమైనను, కూలిధర పెరిగినను ఆ నష్టము ఇంటిమీదికే వచ్చును. ఈ పనిలో దివాలా తీసినవారు తక్కువ మంది కారు.

సామగ్రిలో ఉక్కు దూలములు, కొన్ని అలంకారపు పెంకులు మాత్రము విదేశములనుండి వచ్చినవి. తక్కినదంతయు ఇచ్చటిదే. ఇటుకలును, పూలు తీగెలు అచ్చొత్తిన కాల్చిన మట్టి పలకలును స్థానిక బట్టీలలో తయారైనవి. లోపలి చిత్రపు పని చెన్నపట్నపు కళాపాఠశాల వారి పాలైనది.

ఇక సున్నము. ఈ కథలో నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచునది ఇదియే.

చెన్నపట్నపు సున్నమునకు పూర్వమునుండి పేరున్నది. దక్షిణాంధ్రపు అంచున నున్న పులికాట్ సరస్సు, మనవారి ప్రళయకావేరి, అడుగున గుట్టలుగా పడియుండు గుల్లలు ఆ సున్నమునకు ఆధారములలో నొకటి. గుల్ల యన్నను, సున్నపురాయి యన్నను రసాయన శాస్త్రము దృష్టిలో ఒకటే: కాల్షియం కార్బొనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి అది రెండుగా విడిపోవును. 100 మణుగుల శుద్ధమైన గుల్ల కాల్చినచో 44 మణుగులు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలసిపోవును. 56 మణుగుల పొడి సున్నము మిగులును. దానిమీద నీరు పోయగనే బుసబుస పొంగి వేడెక్కును. అట్లు విరిసిన సున్నమునకు ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు రాతిగానుగలో గంటలకొలది నూరుదురు. అదియే డంగుసున్నము. నూరుట వట్టి కలుపుట కాదు. సున్నపు రేణువు ప్రతి ఇసుక రేణువు చుట్టును అంటుకొనవలెను. నూరినకొలది అది వెన్నవలె జిగటగా వచ్చును. తొందరపడి సగము నూరిన సున్నము చూపునకు ఒకటే, గోడలో వేరు.

గోడలోనికి పోయిన సున్నము ఎండి గట్టిపడునని చాలమంది తలంతురు. ఎండుట మొదటి మెట్టు మాత్రమే. బట్టీలో పోగొట్టుకొన్న వాయువును సున్నము గాలినుండి తిరిగి పీల్చుకొని మరల కాల్షియం కార్బొనేటుగా, అనగా రాయిగా, మారును. గుల్లగా సముద్రమున పుట్టినది గోడలో మరల గుల్లయగును! ఈ మార్పు బయటినుండి లోనికి మెల్లగా సాగును. మూడు నాలుగడుగుల మందపు గోడలో నడిమి సున్నము చాల యేండ్లు మెత్తగనే యుండును. ఇది లోపమువలె కనబడును గాని ఇసుకనేలమీద ఇదియే రక్ష. పునాది ఒక వెంట్రుకవాసి క్రుంగినప్పుడు మెత్తని సున్నము కదలికను సర్దుకొనును, ఇటుక పగులదు. సన్నని బీటలలోనికి వాననీరు దిగి, కొంచెము సున్నమును కరగించి, ఆ బీటలోనే పేరబెట్టి పూడ్చుటయు కలదు. తడి తగులు చోట్ల మేస్త్రీలు సున్నములో మెత్తని ఇటుకపొడి, అనగా సుర్కి, కలిపెడివారు. కాలిన మట్టిలోని సిలికా సున్నముతో చేరి, గాలి తగులకున్నను, నీటిలోనైనను గట్టిపడు పదార్థమగును. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసిన పనిని మనవారు పగిలిన ఇటుకతో చేసిరి.

పైకప్పు కథ ఇంకను వింత. దీనిని ఇంజనీర్లు మదరాసు మిద్దె అనిరి. టేకు దూలములమీద చిన్న పలుచని ఇటుకలను అంచుమీద నిలువబెట్టి, ఏటవాలుగా వరుసలు తీర్చి, సున్నముతో అంటించెడివారు. క్రింద ఆధారపు పలకలు లేకుండగనే ఒక వరుస మరియొక వరుసను పట్టుకొని నిలుచును. దానిపైన ఇటుక ముక్కలు, సున్నము కలిపిన కంకరను అరచేతి మందమున పరచి, స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్క బడితెలతో రోజులతరబడి కొట్టెడివారు. కొట్టుచున్నంతసేపు బెల్లము, కరక్కాయ నానవేసిన నీరు చిలుకరించెడివారు. ఇది మూఢనమ్మకమని నవ్విన ఇంజనీర్లు లేకపోలేదు. అయితే చక్కెరనీటిలో సున్నము మామూలు నీటిలోకంటె ఎన్నో రెట్లు ఎక్కువగా కరగును. ఈ సంగతి ప్రయోగశాలలో సులభముగ తేలును. కరగిన సున్నము కంకర సందులలోనికి దిగును, తొందరగా ఎండిపోదు, బీటలు వారదు. కరక్కాయలోని వగరు కూడ సున్నముతో చేరి పనిచేయును. ఆ కొట్టిన స్త్రీల పేర్లు ఏ లెక్క పుస్తకములోను ఎక్కలేదు. కప్పులు కారకుండుట మాత్రము వారి చేతి చలువయే.

గుమ్మటముల సంగతి చెప్పకున్న వ్యాసము కుంటుపడును. అర్ధగోళముగా కట్టిన గుమ్మటములో పైభాగమున ఇటుకలు ఒకదానినొకటి నొక్కుకొనుచు నిలుచును. శిఖరమునుండి సుమారు 52 డిగ్రీలు దిగిన తరువాత వ్యవహారము తిరుగబడును: అచ్చటినుండి క్రిందికి ప్రతి వరుసయు బయటికి విచ్చుకొనజూచును. ఇటుకకు నొక్కుడు ఓర్పు ఎక్కువ, లాగుడు ఓర్పు తక్కువ. కనుక క్రింది భాగమును మందము చేయవలెను, లేదా ఇనుప పట్టీతో బిగింపవలెను, లేదా చుట్టును బరువైన గోడలు నిలిపి ఆనుకొనునట్లు చేయవలెను. హైకోర్టు గుమ్మటములచుట్టు కనబడు చిన్న గోపురములు అందముకొరకే యని విద్యార్థులు అనుకొనరాదు. మూలలమీద బరువు పెట్టినచో పక్కకు నెట్టు బలము క్రిందికి తిరిగి గోడలోనికి దిగును.

హిందూ, మహమ్మదీయ, ఇంగ్లీషు రీతులు కలిపిన ఈ శైలికి ఇండో-సారసెనిక్ అని పేరు. ఇది ఏ జాతిదియు కాని కలగూరగంప అని ఈసడించువారు కలరు. గుమ్మటముల మోజు కొంత అతిగానే యున్నదని నేనును ఒప్పుకొందును. కాని ఏప్రిల్ నెల మధ్యాహ్నము ఆ లోతైన వరండాలలో నిలుచుండి, ఎత్తైన కప్పుల క్రింద గాలి ఆడుట గమనించినవారికి, శైలి పేరు ఏదైనను ఎండను ఎరిగినవారు కట్టినదని తోచును.

మధ్య గోపురమునకు మరియొక ఉద్యోగము కూడ దొరకినది. కోర్టు ఆవరణలోనే 1844లో కట్టిన రాతి దీపస్తంభమొకటి కలదు. కొత్త భవనము దానికంటె ఎత్తుగా లేచుటచే ఓడల దీపమును గోపురముపైకి మార్చిరి. సముద్రమట్టమునకు సుమారు 175 అడుగుల ఎత్తున 1894లో వెలిగిన ఆ దీపము 1977 వరకు, మెరీనాలో వేరు దీపస్తంభము వచ్చువరకు, పనిచేసెను. క్రింద న్యాయమూర్తులు, పైన నావికులకు వెలుగు! ఇటుక గోపురముమీద దీపము పెట్టుటకు ఇంజనీర్లు సాహసించిరనగా కట్టుబడిమీద వారికి గల నమ్మకము ఎంతటిదో ఊహించవచ్చును. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎండెన్ చెన్నపట్నముమీద గుండ్లు ప్రేల్చినప్పుడు ఒకటి కోర్టు ప్రహరీకి తగిలెను. ఆ చోటును తెలుపు ఫలకమును నేటికిని చూడవచ్చును.

హైకోర్టు తరువాత ఇర్విన్ పటము, చెట్టిగారి కట్టుబడి అనునది చెన్నపట్నమున ఒక జోడు వంటిదైనది. 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయము, సముద్రతీరమునందలి మదరాసు బ్యాంకు భవనము, కోర్టు ప్రక్కనున్న లా కాలేజి ఈ వరుసలోనివి. ఎగ్మూరు మ్యూజియము ఆవరణలో 1906లో మొదలై 1909లో తెరచిన విక్టోరియా స్మారక మందిరము వీనిలో వేరుగ చెప్పదగినది. దాని ముఖభాగము గులాబివన్నె ఇసుకరాయి. ఆ రాయి సత్యవేడునుండి వచ్చినది, సత్యవేడు తెలుగునేల. ఇటుక సున్నములలో ఆరితేరిన ఇల్లు రాతిపనికి పూనుకొన్నప్పుడు కూడ వెనుదీయలేదు. సన్నని జాలీలు, తోరణములు చెక్కిన ఆ గోడలను చూచినవారికి ఫతేపూరు సిక్రీ జ్ఞప్తికి వచ్చును.

చెట్టిగారికి రావు బహద్దరు బిరుదు వచ్చినది. చెట్‌పట్టులో ఆయనకు చాల ఇండ్లుండెను. గణితము చదువు విద్యార్థులు వానిలో ఒకదానిని ఎరిగియుండవలెను. ఇంగ్లండునుండి జబ్బుతో తిరిగివచ్చిన శ్రీనివాస రామానుజన్ చివరి దినములు గడపి, 1920 ఏప్రిల్ 26న కన్నుమూసిన గొమెత్రా అను ఇల్లు నంబెరుమాళ్ చెట్టిగారిదే. మరణశయ్యమీద ఆయన మాక్-థీటా ప్రమేయములు వ్రాసికొన్న కాలము కూడ అదియే. చెట్టిగారు 1925లో గతించిరి.

ఆనాటికే సిమెంటు రాజ్యము మొదలైనది. సిమెంటు గంటలలో పట్టును, దినములలో గట్టిపడును. గానుగ అక్కరలేదు, ఎద్దులక్కరలేదు, పాటకు తాళముగా కప్పు కొట్టు స్త్రీలక్కరలేదు. క్రొత్త కట్టడములకు అది తగినదే. చిక్కు పాత గోడలకు మరమ్మతు చేయునప్పుడు వచ్చినది. సున్నపు గోడ ఊపిరి తీయును. నేలనుండి ఎగబ్రాకిన తడి సున్నపు అతుకులగుండ బయటికి వచ్చి ఆవిరియగును. ఆ అతుకులను గీకి సిమెంటు పూసినచో తడికి దారి మూసికొనిపోవును. అది మెత్తని ఇటుకగుండ దారి వెదకుకొనును. తనతో తెచ్చిన ఉప్పును ఇటుక ముఖమున పేర్చును. ఉప్పు స్ఫటికములు పెరిగి ఇటుక పొరలు పొరలుగా రాలును. కొన్నేండ్లకు సిమెంటు అతుకు పక్కటెముకవలె పొడుచుకొని నిలుచును, నడుమ ఇటుక గుంటపడును. సముద్రతీరమున ఉప్పుగాలి ఎక్కువ గనుక ఈ జబ్బు మరింత వేగముగ ముదురును. దీనిని తెలిసికొన్న తరువాత పురాతన భవనములకు మరల సున్నముతోనే మరమ్మతు చేయవలెనని నిపుణులు చెప్పుచున్నారు. అట్లు చేయబూనినప్పుడు గానుగ త్రిప్పగలవారును, పాకము చూచి చెప్పగల మేస్త్రీలును దొరకుట కష్టమైనది. పటములు దఫ్తరములలో భద్రముగ నుండును. డంగుసున్నపు పాకము చేతినుండి చేతికి మాత్రమే వచ్చినది. ఒక తరము వదలినచో దానిని తిరిగి నేర్చుకొనుటకు ప్రయోగశాల కావలసివచ్చుచున్నది.

ఆ ప్రయోగశాల పని యెట్టిదో ఉన్నత పాఠశాలలోనే చూపవచ్చును. మక్తల్ ప్రాంతమున పాత గడీల, బురుజుల క్రింద దానంతట అది రాలిపడిన సున్నపు గడ్డలు దొరకును. గోడనుండి పెకలింపరాదు; రాలినదానినే తీసికొనవలెను. ఒక గడ్డను ఎండబెట్టి, ఇసుక రేణువులు నలుగకుండ మెల్లగా చిదిపి, తూచి, గాజుపాత్రలో వేసి, ఉపాధ్యాయుని సమక్షమున సజల హైడ్రోక్లోరికామ్లమును కొంచెము కొంచెముగా పోయవలెను. నురుగు లేచును. ఆ వాయువును గొట్టముద్వారా తేట సున్నపునీటిలోనికి పంపినచో నీరు పాలవలె తెల్లబడును. ఆ వాయువు, గోడ లేచినప్పుడు ఆ యూరి గాలినుండి సున్నము పీల్చుకొన్నదే. నురుగు ఆగిన తరువాత మిగిలినదానిని వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూచవలెను. పోయినది సున్నము, మిగిలినది ఇసుక. రెండింటి నిష్పత్తిని లెక్కకట్టినచో ఆ గోడ కట్టిన మేస్త్రీ గంపలు ఏ పాళ్ళలో పోసెనో తెలియును. వడపోత కాగితముమీద ఎర్రని రేణువులు కనబడినచో వానిని వేరుచేసి చూడవలెను. అది సుర్కి యగును, ఆ గోడ ఏదో చెరువుకట్టదో, బావిదో అయియుండును.